బెల్లం గల్లీలో బండి జాగ

టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పోటీ పరీక్షలు రాసి నెగ్గుకొచ్చిన పిల్లలు. నిబంధనలన్నీ నోటికి వచ్చు. టీ తాగి, కప్పు కింద పెట్టి, చివరికి ఒక్కటే అడుగుతారు: "సార్, ఫీల్డుల పని ఎట్లుంటది?" రిటైరైనవాడిని అడిగితే ఏం చెబుతాడు, మా కాలంలో అంతా బాగుండేదని చెబుతాడు. నేనూ కొంత అదే చెబుతాను. ముందే హెచ్చరిస్తున్నాను.

నేను జహీరాబాద్‌లో ఓవర్సీయర్‌గా చేరి, సూపర్‌వైజర్‌గా దిగిపోయాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్లు, ఫైళ్లు, ఆడిట్లు ఎవరికీ పనికిరావు కనుక వదిలేస్తున్నాను. అసలు సంగతి చెప్పాలంటే నా ఉద్యోగమంతా ఒకే గొడవ చుట్టూ తిరిగింది. మనిషి ఇల్లు కట్టుకుంటాడు, బండి కొనుక్కుంటాడు. ఇల్లు కట్టేటప్పుడు బండి గుర్తుకురాదు. బండి కొనేటప్పుడు వీధి గుర్తుకురాదు. ఈ రెండు మతిమరుపుల మధ్య మేం టేపు పట్టుకుని నిలబడేవాళ్లం, రెండు వైపుల నుంచీ తిట్లు తినేవాళ్లం.

కరీం సాబ్ అడిగే ప్రశ్న

నేను చేరినప్పుడు ఊళ్లో కార్లున్న ఇళ్లు ఎవరెవరివో అందరికీ తెలుసు. బొంబాయి రోడ్డు మీద లారీలు, బస్సులు వాటి మానాన అవి పోతుండేవి. రోడ్డు దిగి గల్లీల్లోకి వస్తే సైకిళ్లు, ఎడ్లబండ్లు, చెరుకు కాలంలో ట్రాక్టర్లు. అల్లం తవ్వే రోజుల్లో ఏ సందులోకి తిరిగినా పచ్చి అల్లం మూటల వాసన కొట్టేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు జీతం తక్కువ, తీరిక ఎక్కువ అయిన ఆ రోజులు గుర్తొచ్చి బెంగగా ఉంటుంది.

మా మొదటి ఆఫీసరు కరీం సాబ్. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, ముక్కు మీద కోపం. చేరిన కొత్తలో నేను ఒక ఇంటి ప్లాను పట్టుకుని వెళ్లి, గోడ గోడనూ కొలిచి, ఎక్కడా వేలెత్తి చూపడానికి వీల్లేకుండా రిపోర్టు రాసి ఆయన ముందు పెట్టాను. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన దాన్ని విప్పనే లేదు.

"ఎప్పుడు పోయినవ్ విఠల్?" అన్నాడు.

"పదకొండు గంటలకు సార్."

"గా టైంల గల్లీల ఏముంటది? కుక్కలుంటయి. మనుషులు పనికి పోయిన్రు, బండ్లు మనుషులెంబడి పోయినయ్. పొద్దుగూకినంక పో. అందరు ఇంటికొచ్చినంక గల్లీ ఎట్లుంటదో జర చూసి రా. అప్పుడు రాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వెళ్లాను. పొద్దున వెడల్పుగా, ఖాళీగా కనిపించిన వీధి సాయంత్రానికి వేరే వీధి అయిపోయింది. విప్పిన బండ్లు, కట్టేసిన ఎడ్లు, గడ్డి మోపులు, వాకిట్లో వేసిన మంచాలు, వాటి మధ్య ఆడుకునే పిల్లలు. నేను కొలిచిన ఇల్లు ప్లాను ప్రకారం సరిగ్గానే ఉంది. కాని దాని మెట్లు కిందికి దిగేచోట ఎదురింటివాళ్ల బండి తిరగాలి. ఆ సంగతి పదకొండు గంటలప్పుడు నాకు కనబడే అవకాశమే లేదు. అప్పటినుంచి ఏ వీధినీ పగటిపూట ఒక్కసారి చూసి అంచనా వేయలేదు. మీ ఫోన్లలో పైనుంచి తీసిన బొమ్మలు వస్తాయి కదా, అవి కూడా పట్టపగలు తీసినవే. మరచిపోకండి.

ఇల్లు కడతామని వచ్చిన ప్రతివాణ్నీ కరీం సాబ్ ముందుగా అడిగేది ఒక్కటే: "బండి ఏడ నిలవెడ్తవ్?" అప్పట్లో అందరి దగ్గరా జవాబు ఉండేది. వేపచెట్టు కింద అనో, పెరట్లో అనో చెప్పేవాళ్లు. నేను దిగిపోయే నాటికి అదే ప్రశ్న నేను అడిగితే "రోడ్డు ఉంది కదా సార్" అనేవాళ్లు. అదీ మామూలుగా, ఏ మొహమాటమూ లేకుండా. కరీం సాబ్ ఉంటే వాళ్లను గది బయటికి నడిపించేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ కోపం కూడా ఇప్పుడు తియ్యగానే గుర్తొస్తుంది.

కింద బండ్లు, పైన మనుషులు

తర్వాత ఊరు పెరిగింది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. హైవే వెడల్పయింది. చిరాగ్‌పల్లి దాకా రోడ్డు పక్క పొలాలన్నిటిలో ప్లాట్ల తెల్ల రాళ్లు పాతారు. ఊళ్లో పాత పెంకుటిళ్లు కూల్చి అపార్టుమెంట్లు లేపడం మొదలైంది. వాటికి నిబంధన తేలిక. కింద అంతా స్తంభాల మీద ఖాళీగా వదలాలి, అక్కడ బండ్లు పెట్టుకోవాలి, పైన కాపురముండాలి. కాగితం మీద అందరూ వదులుతారు. మనం వెనక్కి తిరగగానే స్తంభాల మధ్య గోడలు, గోడలకు షట్టర్లు, షట్టర్ల మీద బోర్డులు. అలా వచ్చిన షాపులను మా దగ్గర మల్గీలంటారు. మల్గీకి కిరాయి వస్తుంది, కారుకు రాదు. అంతే దీని వెనకున్న శాస్త్రం.

ఒకసారి ఒక బిల్డర్ పిలిస్తే తనిఖీకి వెళ్లాను. కింద అంతస్తు చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. పచ్చ గీతలు, గీతల మధ్య నంబర్లు, ఒక్కో గడిలో ఒక్కో కారు. ఇంత బుద్ధిమంతుడు మన ఊళ్లో ఉన్నాడా అనుకున్నాను. తీరా చూస్తే ఒక కారు ముందు బంతిపూల దండలున్నాయి. "పెండ్లి ఎవరిదయ్యా?" అంటే "మనోళ్లదే సార్" అన్నాడు. మేం మాట్లాడుతుండగానే పట్టుబట్టలు కట్టుకున్న ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చి, "కారు తాళాలియ్యయ్యా బాబూ, పెండ్లిపిల్లగాడు ఎదురుకోళ్లకాడ నిలవడ్డడు" అన్నాడు. పక్క వీధి ఫంక్షన్ హాలు నుంచి ఒక గంటకని అడిగి తెచ్చిన కార్లవి. నేను నవ్వి నవ్వి కూర్చుండిపోయాను, సంతకం మాత్రం పెట్టలేదు.

ఇలాంటివి ఎన్నో చూశాను. ఇంతా చేసి నాకు కట్టినవాడి మీద ఎంత కోపమో, కొన్నవాడి మీదా అంతే. ఫ్లాటు కొనేవాళ్లు వాస్తు అడుగుతారు, బోరులో నీళ్లెంత లోతులో ఉన్నాయో అడుగుతారు, వంటింటి గట్టు రంగు అడుగుతారు. నా బండి ఎక్కడ పెట్టుకోవాలి, ఏదీ చూపించు అని అడిగినవాణ్ని నేను చూడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే బెల్లం గల్లీ సంగతి అర్థం కావాలంటే ఇది కావాలి.

వాకిలి వదిలిన మనుషులు

బెల్లం గల్లీ ఇళ్లన్నీ న్యాల్‌కల్ వైపు ఊళ్లనుంచి వచ్చిన రైతులవి. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, బజారులో ఉర్దూ. పిల్లల చదువుకని ఊళ్లోకి వచ్చి జాగాలు కొన్నప్పుడు, ఎడ్లూ బండ్లూ కూడా వెంట తెచ్చుకున్నారు. అందుకని వాళ్లలో ఒక కట్టడి ఉండేది. ఎవరు ఇల్లు కట్టినా ముందు బండి పట్టేంత నేల వదిలి, వెనక్కి జరిగి గోడ లేపాలి. ఆ నేల పట్టా ప్రకారం ఇంటివాళ్లదే. దాన్ని బండి జాగ అనేవాళ్లు. రెండు వైపులా అలా వదిలితే, ఇరవై అడుగుల దారి చూడటానికి పెద్ద బజారంత వెడల్పుగా ఉండేది. పొద్దున్నే బండ్లు పోయాక ఆడవాళ్లు అక్కడ జొన్నలు ఆరబోసేవాళ్లు. సాయంత్రం ఎవరి మంచం ఎవరి వాకిట్లో ఉందో ఎవరూ అడిగేవాళ్లు కాదు. నాకు ఆ వీధిలో పని ఉన్నా లేకపోయినా వెళ్లేవాణ్ని, మజ్జిగ ఇవ్వకుండా పంపేవాళ్లు కాదు.

ఆ వీధికి సిమెంటు రోడ్డు వచ్చిననాడు నేనక్కడే ఉన్నాను. దారికి రెండు పక్కలా హద్దురాళ్లు ఉన్నాయి. కాంట్రాక్టర్ ఆ రాళ్ల వరకు పోస్తానన్నాడు. వీధివాళ్లే మరి కొంచెం వేయమని బతిమాలి, గడపల దాకా, అంటే వాళ్ల సొంత జాగల మీదుగా, పోయించుకున్నారు. బురద పోతుందని వాళ్ల సంబరం. కరీం సాబ్ అప్పటికింకా ఉన్నాడు. "జర సోంచాయించుకోండ్రి, ఆలోచన చేయుండ్రి. సిమెంట్ పడ్డంక ఏది సర్కార్ది, ఏది మీది అని రేపు ఎవరికి యాదికుంటది?" అన్నాడు.

శరణప్ప అని అప్పటికి మీసాలు సరిగా రాని కుర్రాడు, ఎడ్లను పక్కకు తోలుతూ నవ్వాడు. "మా వాకిట్లకు ఎవరొస్తరు సాబ్?" అన్నాడు.

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఫ్యాక్టరీ ఆయన ఫిర్యాదు

ఏళ్లు గడిచాయి. ఎడ్లు పోయాయి. శరణప్ప ట్రాక్టర్ కొన్నాడు. వానల మీద ఆధారపడ్డ నేలతో ఇల్లు గడవదు కనుక, చెరుకు కాలంలో పొలాల నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలడం, తక్కిన రోజుల్లో అల్లం, ఇసుక, ఎరువు, ఏదో ఒకటి తోలడం అతని పని. ట్రాక్టరూ ట్రాలీ అతని ఇంటి ముందరి బండి జాగలోనే ఆగేవి. వీధిలో ఒక పెద్ద ఇల్లు అమ్ముడుపోయి అక్కడ అపార్టుమెంటు లేచింది. కింద స్తంభాల మధ్య మామూలే, మల్గీలు వచ్చాయి. ఒకటి మందుల షాపు, ఒకటి సెల్‌ఫోన్ల షాపు. పైన కాపురమున్నవాళ్ల కార్లు బెల్లం గల్లీ వాకిళ్లలోకి వచ్చాయి. సిమెంటు ఒకే తీరుగా ఉంటే అదంతా రోడ్డేనని వాళ్లు అనుకోవడంలో తప్పేముంది.

అప్పుడు మా ఆఫీసుకు ఒక కాగితం వచ్చింది. అపార్టుమెంటులో ఉండే ప్రసాద్ గారు రాసింది. ప్రజల రోడ్డు మీద ఒక వ్యక్తి రోజూ ట్రాక్టరు, ట్రాలీ నిలుపుతున్నాడు, వెంటనే తొలగించాలి అని. ప్రసాద్ గారు గోదావరి జిల్లా మనిషి. ఆయన పనిచేసేదెక్కడో తెలిశాక నాకు నవ్వు ఆగలేదు. రోజంతా ట్రాక్టర్లు తయారయ్యే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సాయంత్రం ఇంటికొస్తే మళ్లీ ట్రాక్టర్ కనబడకూడదు.

అప్పటి మా ఆఫీసరు సుజాత మేడమ్. వయసులో చిన్న, నిజాయితీలో పెద్ద. కాగితం నా ముందు పెట్టి, "రోడ్డు మీద ట్రాక్టర్ ఏంటి విఠల్ గారూ? తీయించండి" అన్నారు.

సాయంత్రం వెళ్లాను. శరణప్ప ట్రాలీ దులుపుతున్నాడు. విషయం చెబితే దులపడం ఆపేశాడు. "ఊరి బయట పెడ్తె డీజిలుంటదా, బ్యాటరీ ఉంటదా సార్? పొద్దుగాల పోతే ఇంజన్ కూడ ఉండదు. నాకు ఇంక ఏ పని రాదు" అన్నాడు.

అంతలో ప్రసాద్ గారు కిందికి దిగారు. మర్యాదస్తుడే. "చూడండి, మా ఆవిడ స్కూల్లో పనిచేసి సాయంత్రం వస్తుంది. కారు హైవే దగ్గర వదిలేసి నడిచి వస్తోంది. ఈయనకి మాత్రం ఇంటి ముందు ఇంత స్థలమా? అందరికీ ఒకటే రూల్ ఉండాలి కదండీ," అన్నారు.

"అదే రూల్ పెడితే ముందు మీ కార్లే తీయాల్సి వస్తుందండీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

మేడమ్‌కు వెళ్లి చెప్పాను, ట్రాక్టరున్నది అతని సొంత నేల మీద అని. ఆమె నమ్మలేదు, అలాగని కొట్టిపారేయనూ లేదు. మర్నాడు సాయంత్రం తానే వచ్చారు. శరణప్ప సిమెంటులో సగం మునిగిన హద్దురాయిని చూపించాడు. వీధిలో ముసలివాళ్లందరూ తమ తమ రాళ్లు చూపించారు. మేడమ్ వాళ్ల దస్తావేజులతో కొలతలు సరిచూసుకుని, అక్కడికక్కడే చెప్పారు: "ఇది మీ పట్టా భూమి. ట్రాక్టర్ తీయాల్సిన పని లేదు. కావాలంటే ఎవరి హద్దు దాకా వాళ్లు గోడ కట్టుకోవచ్చు." తాను అనుకున్నది తప్పని తెలిసిన గంటలో మాట మార్చుకున్న అధికారులు అరుదు. ఆమె మీద నాకు గౌరవం ఆ రోజే కలిగింది. శరణప్ప గెలిచాడు, పని అయిపోయింది అనుకుని ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను.

కాశమ్మ ఇటుకలు

వీధి మూలమీది ఇల్లు కాశమ్మది. భర్త పోయాక ముందుగదిలో జొన్నరొట్టెలు చేసి అమ్మి ఇల్లు నడుపుతోంది. కార్లు ఆమె గుమ్మానికి ఆనించి పెట్టి పోయేవాళ్లు. గోడ కట్టుకోవచ్చన్న మాట వినగానే అందరికంటే ముందు ఇటుకలు దింపించింది ఆమే. ఆమెను చూసి ఇంకో రెండిళ్లవాళ్లు ఇసుక పోయించారు.

శరణప్ప ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "సార్, జర మా గల్లీకి రాండ్రి" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. వెళ్లాను. మూలమీద కాశమ్మ గోడ వచ్చేచోట రెండు గూటాలు పాతి తాడు కట్టాడు. ట్రాక్టరెక్కి, ట్రాలీతో సహా మలుపు తిప్పాడు. ట్రాలీ వెనక చక్రం తాడు మీదుగా పోయింది. వెనక్కి తీసి, ఎదురింటి గోడకు వెంట్రుకవాసి దూరంలో ఇంజన్ పెట్టి మళ్లీ తిప్పాడు. మళ్లీ తాడు మీదుగానే పోయింది. దిగి నా దగ్గరికి వచ్చాడు.

"నా వాకిట్ల నిలవెట్టనీకె హక్కున్నది సార్. ఆడికి పోనీకే తొవ్వ లేదు."

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్లూ అతని బండి తిరిగింది తన జాగలో కాదు, కాశమ్మ అత్తవారు వదిలిన జాగలో. నిబంధన ప్రకారం మేం చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. ఆ తప్పులేని మాటే అతని ట్రాక్టరును ఇంటికి రాకుండా చేయబోతోంది.

కాశమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. "నేనేం జేయాలె అన్నా?" అంది శరణప్పతో. "నీ బండి పొద్దుగాల ఒకపారి పోతది, పొద్దుగూకినంక ఒకపారి వస్తది. అది నాకు కష్టం కాదు. గీ కార్లు ఒకటి పోతే ఒకటి దినమంత నా దర్వాజ మీదనే ఉంటయి, నీ హారన్ ఇంటెనే జరుగుతయి. రొట్టెలకొచ్చెటోళ్లు లోపటికి రానీకె లేక వాపస్ పోతున్రు. గోడ కట్టుకోకుంటే నేనెట్ల బతకాలె?"

ఆమె అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. శరణప్ప గూటాలు పీకి తాడు చుట్టుకున్నాడు.

"నీ జాగ నీది చెల్లె. కట్టుకో. నేను బండి అమ్ముకుంట" అన్నాడు.

కోపంగా అనలేదు. అదే కష్టమనిపించింది. కాశమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ వారం మేస్త్రీని మాత్రం పిలవలేదు. ఇటుకలు అలాగే ఉన్నాయి. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మాటా న్యాయమే, ఒకరికి మేలు చేస్తే ఇంకొకరి నోటి దగ్గర కూడు పోతుంది. మన పనిలో అసలు కష్టం ఇదీ. దుర్మార్గుణ్ని ఎదుర్కోవడం దీనిముందు చాలా తేలిక.

దారి ప్రసాద్ గారి వైపు నుంచి తెరుచుకుంది. ఇటుకలు చూసి అపార్టుమెంటులో కలవరం పుట్టింది. ఆయన మరి కొందరిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. "అందరూ గోడలు కట్టేస్తే మా కార్లు ఎక్కడ పెట్టుకోవాలండీ?" అన్నారు.

"మీకు జాగ ఉందండీ. మీ ఇంటి కిందే ఉంది. అందులో మందుల షాపు నడుస్తోంది" అన్నాను.

షాపులు బిల్డింగులో భాగమనే వాళ్లు అనుకుంటున్నారు. "మాకెవరూ చెప్పలేదండీ" అన్నారు ప్రసాద్ గారు, కాస్త చిన్నబోయి. మీరు అడగలేదు అనబోయి ఊరుకున్నాను. అప్పటికే ఆయన మొహం వాడిపోయి ఉంది.

సుజాత మేడమ్ బిల్డర్‌కు, షాపులవాళ్లకు నోటీసులిచ్చారు. తర్వాత వచ్చిన ఫోన్లు, ఒత్తిళ్లు రాస్తే పెద్ద కథవుతుంది. ఆమె చెవిన వేసుకోలేదు. ఈసారి అపార్టుమెంటువాళ్లు కూడా ఆమె వెనక నిలబడ్డారు, అదే అసలు బలం. షాపులు మెయిన్ రోడ్డుకు తరలిపోయాయి, షట్టర్లు ఊడాయి. సగం కార్లకు పైగా కింద చోటు దొరికింది. తక్కినవి మిగిలాయి. ఇప్పుడు ఒక్కో ఇంట్లో రెండేసి కార్లు, ఏ ప్లానూ ఆ లెక్కన గీసింది కాదు.

ఒక సాయంత్రం గల్లీవాళ్లు, అపార్టుమెంటువాళ్లు, మేడమ్, నేను, అందరం బెల్లం గల్లీ మూలమీద కూర్చున్నాం. కుర్చీలు ఎవరూ తేలేదు, కాశమ్మ ఇటుకల మీదే కూర్చున్నాం. ముందు శరణప్పే మాట్లాడాడు.

"నా బండి పొద్దుగాల పోతది. పగలంత నా వాకిలి ఖాలీగనే ఉంటది. మీ కార్లు పెట్టుకోండ్రి, నేనొచ్చే యాళ్లకు తీయుండ్రి. తక్కిన ఇండ్లోళ్లను గూడ నేను అడుగుత. గీ మూలమీద మాత్రం ఏది పెట్టకుండ్రి. ఇది మా చెల్లె దర్వాజ."

ప్రసాద్ గారు తలొంచుకుని, "మీ మీద కంప్లయింట్ రాసింది నేనేనండీ" అన్నారు.

"ఎర్కే సార్. మీరు రాయకుంటే గా షట్టర్లు ఎవరు తీపిస్తుండె?" అన్నాడు శరణప్ప.

ఆ మాటకు అందరూ నవ్వారు. కాశమ్మ నవ్వలేదు. "సరే. గోడ ఆపుత. ఇటుకలు మాత్రం గీడనే ఉంటయి. నా దర్వాజకు మళ్ల కారు అడ్డం పెట్టిన దినం మేస్త్రీని పిలుస్త" అంది. ఆమె అలా అనడం నాకు నచ్చింది.

మేడమ్ నా వైపు వంగి, "దీన్ని ఎట్లా రాయాలి విఠల్ గారూ?" అని అడిగారు. అందరూ వాడుకునే సొంత జాగకు మన నిబంధనల్లో పేరు లేదు. రాస్తే అది సర్కారు రోడ్డయినా అవుతుంది, సొంత గోడయినా అవుతుంది. "రాయకండి మేడమ్" అన్నాను. పై అధికారికి ఆ మాట చెప్పింది నా సర్వీసులో అదొక్కసారే. ఆమె పెన్ను మూసేశారు. ఈ ఒప్పందం నిలుస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు. రాతకోతలున్నవే నిలవడం లేదు. ఆ మరుసటి వేసవిలో నేను రిటైరయ్యాను.

ఏ హక్కుకు ఏ దారి

పిల్లలూ, దీన్ని అన్ని వీధులకూ వర్తింపజేయకండి. నేను చూసినవాటిలో చాలా చోట్ల గోడలే గెలిచాయి. ఎవరి హద్దు దాకా వాళ్లు వచ్చారు, నిబంధన గెలిచింది. ఇప్పుడు ఆ వీధుల్లోకి పెళ్లికొడుకు కారు కూడా పోదు, పెద్దరోడ్డు దగ్గర దిగి నడవాలి. హక్కు చెప్పడం మన ఉద్యోగం, తప్పదు. చెప్పాక మళ్లీ ఒకసారి, అందరూ ఇళ్లకు చేరే వేళ, ఆ వీధికి వెళ్లి చూడండి. దానికి ఎవరూ జీతమివ్వరు. అయినా వెళ్లండి.

పోయిన చెరుకు కాలంలో నాకు కాశమ్మ రొట్టెల మీద మనసు పోయింది. సాయంత్రం స్కూటర్ వేసుకుని బయల్దేరాను. ఇటుకలేమయ్యాయో అని దారిపొడుగునా గుబులే. మలుపు తిరిగేసరికి మూల ఖాళీగా ఉంది. గోడ లేదు. ఇటుకలతో గుమ్మం పక్కన రొట్టెల పొయ్యికి గద్దె కట్టించుకుంది, ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వీధికి రెండు వైపులా కార్లు ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కచోట మాత్రం సందు కనబడితే అమ్మయ్య అనుకుని స్కూటర్‌కు స్టాండు వేశాను.

"అక్కడ పెట్టకండి బాబాయ్ గారూ" అని పైనుంచి వినబడింది.

తలెత్తితే అపార్టుమెంటు బాల్కనీలో బట్టలు తీస్తున్న ఒకావిడ. మాట గోదావరి మాట. నేనెవరో ఆమెకు తెలియదు. తర్వాత కాశమ్మ చెప్పింది, ప్రసాద్ గారి భార్య అట.

"ఎందుకమ్మా? ఇక్కడ బోర్డేమీ లేదే?" అన్నాను, ఏమంటుందో విందామని.

"బోర్డెందుకండీ? అది శరణప్ప గారి బండి జాగ. ఆయనొచ్చే టైమయింది. కాస్త మా గేటు లోపల పెట్టుకోండి, నేను తీస్తాను" అంది.

ఈ ఊళ్లో ఒక్కో వీధినీ నా టేపుతో కొలిచినవాణ్ని. మారుమాట్లాడకుండా స్కూటర్ తోసుకుంటూ వాళ్ల గేటులోకి వెళ్లాను. నాకు ఎంత సంతోషమైందంటే, కళ్లు తుడుచుకోవడానికి ఆ స్తంభాల చాటు పనికొచ్చింది. అంతలో హైవే వైపు నుంచి ఇంజన్ చప్పుడు వినిపించింది. శరణప్ప ట్రాక్టరు, వెనక ట్రాలీ. మూలమీద వేగం తగ్గించాడు కాని, ఆగాల్సిన పని పడలేదు. వెనక చక్రం కాశమ్మ వాకిట్లోంచి తిరిగింది, ఆమె రొట్టె కొడుతూ తలెత్తి కూడా చూడలేదు.